టైటానిక్ కంటే పెద్దది.. స్పీడ్‌లో దీన్ని కొట్టిన లైనర్ లేదు: ఇప్పుడు కావాలనే సముద్రంలో ముంచేస్తున్నారు, ఎందుకు?

ఓడ అనగానే మనవాళ్లలో ఎక్కువ మందికి గుర్తొచ్చేది టైటానిక్. అది మునిగింది కాబట్టి ఫేమస్ అయింది. కానీ దానికంటే వంద అడుగులకు పైగా పొడవైన ఓడ ఒకటుంది. 17 ఏళ్లు సర్వీసులో ఉండి పెద్ద ప్రమాదం ఒక్కటీ లేకుండా రిటైరైంది. పేరు ఎస్‌ఎస్ యునైటెడ్ స్టేట్స్. ఇప్పుడు దాన్ని ఫ్లోరిడా తీరానికి దూరంగా, ప్లాన్ ప్రకారం, డబ్బు ఖర్చు పెట్టి మరీ సముద్రం అడుగుకు పంపబోతున్నారు.

ఫిలడెల్ఫియాలో దాదాపు 29 ఏళ్లు ఒకే చోట కట్టేసి ఉన్న ఈ ఓడ 2025 ఫిబ్రవరి 19న కదిలింది. సొంత ఇంజిన్లతో కాదు, టగ్ బోట్లు లాగుతుంటే. వంతెనల కింద నుంచి పట్టాలంటే నీరు తగ్గే సమయం కోసం కాచుకోవాల్సి వచ్చింది. నది ఒడ్డున జనం నిలబడి ఫోన్లలో వీడియోలు తీశారు. మార్చి మొదటి వారంలో అది అలబామా రాష్ట్రంలోని మొబైల్ రేవుకు చేరింది. అక్కడే దాన్ని ముంచడానికి 'రెడీ' చేసే పని మొదలైంది.

అసలు ఒక దేశం తన పేరే పెట్టుకున్న ఓడను ముంచుకునే పరిస్థితి ఎందుకొచ్చింది? ఇంత మంది దీని కోసం ఎందుకు బాధపడుతున్నారు?

ముందు ఒక తేడా తెలియాలి

ఇప్పుడు రీల్స్‌లో కనిపించేవి క్రూజ్ షిప్పులు. వాటర్ స్లైడ్లు, మాల్స్, 20 అంతస్తులు. అవి తేలే హోటళ్లు. ఎక్కడికో చేరడం వాటి పని కాదు, తిప్పి తీసుకురావడమే పని. ఓషన్ లైనర్ అలా కాదు. విమానాలు లేని రోజుల్లో ఒక ఖండం నుంచి ఇంకో ఖండానికి మనుషుల్ని, ఉత్తరాలను టైమ్‌కి చేర్చడం దాని డ్యూటీ. చలికాలంలో నార్త్ అట్లాంటిక్ ఎలా ఉన్నా బయల్దేరాల్సిందే. మన భాషలో చెప్పాలంటే అది ఎక్స్‌ప్రెస్ రైలు. క్రూజ్ షిప్ టూరిస్ట్ బస్సు.

డిజైన్ మొత్తం ఈ ఒక్క తేడా నుంచే పుడుతుంది. లైనర్ ముందు భాగం కత్తిలా పదునుగా, పొడవుగా ఉంటుంది, అలను చీల్చుకుంటూ పోవడానికి. శరీరం సన్నగా, నీటిలోకి లోతుగా దిగి ఉంటుంది. ఉక్కు మందంగా ఉంటుంది. బాల్కనీలు, ఈత కొలనులు కుప్పలుగా పెడితే ఓడ పైభాగం బరువెక్కి తుఫానులో ఊగిపోతుంది కాబట్టి పైన వీలైనంత తక్కువ. మిగిలేది ఒక పొడవాటి గీత, దాని మీద వెనక్కి వాలిన పెద్ద పొగగొట్టాలు. అందం కోసం గీసింది కాదు. కానీ చూస్తే పరిగెత్తుతున్నట్టే ఉంటుంది, ఆగి ఉన్నప్పుడు కూడా. ఇప్పటికీ పోస్టర్లలో, లోగోల్లో 'ఓడ' బొమ్మ గీయమంటే ఎవరైనా గీసేది ఇదే ఆకారం. పెట్టెల్లా ఉండే ఇప్పటి షిప్పుల్ని ఎవరూ గీయరు.

మన దగ్గర కూడా ఈ లైనర్ల జ్ఞాపకం పూర్తిగా లేకపోలేదు. 1950లలో ఇంగ్లండ్‌కు చదువుకోసం వెళ్లినవాళ్లలో చాలామంది బొంబాయి బల్లార్డ్ పియర్ దగ్గర ఓడెక్కినవాళ్లే. వారాల ప్రయాణం. ఇప్పుడు శంషాబాద్‌లో సాయంత్రం ఫ్లైట్ ఎక్కి, కనెక్షన్ దొరికితే మర్నాటికే అమెరికాలో దిగేవాళ్లకు అది ఊహకు కూడా అందదు.

లాయర్ చదివి ఓడలు గీసిన మనిషి

ఈ ఓడ వెనక ఉన్నది విలియం ఫ్రాన్సిస్ గిబ్స్. 1886లో ఫిలడెల్ఫియాలోనే పుట్టాడు. లా డిగ్రీ తీసుకున్నాడు. ఓడల ఇంజినీరింగ్ కాలేజీలో చదవలేదు, సొంతంగా నేర్చుకున్నాడు. వెయ్యి అడుగుల పొడవున్న అమెరికన్ ఓడ కట్టాలన్న పిచ్చి ఆయనకు మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచే ఉంది. అది నిజం కావడానికి 30 ఏళ్లకు పైగా పట్టింది.

కారణం రెండో ప్రపంచ యుద్ధం. ఆ యుద్ధంలో బ్రిటన్ తన క్వీన్ మేరీ, క్వీన్ ఎలిజబెత్ లైనర్లను సైనికుల్ని తరలించడానికి వాడింది. 1943లో క్వీన్ మేరీ ఒక్క ట్రిప్పులో 16 వేల మందికి పైగా మనుషుల్ని మోసింది. జర్మన్ జలాంతర్గాములు వాటిని పట్టుకోలేకపోయాయి, స్పీడ్ అంత ఎక్కువ. అమెరికాకు అలాంటిది లేదు. అందుకే ఓడ ఖర్చు సుమారు 7 కోట్ల 80 లక్షల డాలర్లలో దాదాపు 5 కోట్లు ప్రభుత్వమే భరించింది. షరతు ఒక్కటే. అవసరమైతే వెంటనే 15 వేల మంది సైనికుల్ని ఎక్కించుకునేలా ఉండాలి.

అంటే టికెట్ కొనుక్కుని డిన్నర్ చేస్తున్న ప్రయాణికులు నిజానికి ఒక మిలిటరీ ఓడలో ఉన్నారు. వాళ్లకు తెలియదు, అంతే. నీటి అడుగు భాగం ఆకారం, ఇంజిన్ శక్తి, అసలు టాప్ స్పీడ్ ఎంత అన్నవి ఏళ్ల తరబడి రహస్యంగా ఉంచారు. తర్వాత బయటపడిన లెక్క ప్రకారం పరీక్షల్లో అది 38.32 నాట్లు అందుకుంది. అంటే గంటకు దాదాపు 71 కిలోమీటర్లు. 990 అడుగుల పొడవున్న ఇనుప భవనం సముద్రం మీద హైవే కారు స్పీడ్‌లో వెళ్లిందన్నమాట! ఇప్పటి ప్రపంచంలోనే అతిపెద్ద క్రూజ్ షిప్పుల్లో ఒకటైన ఐకాన్ ఆఫ్ ది సీస్ స్పీడ్ 22 నాట్ల దగ్గరే.

ఆ స్పీడ్ ఎలా వచ్చింది?

రెండు మాటల్లో చెప్పాలంటే బరువు తగ్గించారు, బలం పెంచారు. పైన ఉన్న అంతస్తులన్నీ ఉక్కుతో కాకుండా అల్యూమినియంతో కట్టారు. అప్పటివరకు ఏ ఒక్క నిర్మాణంలోనూ అంత అల్యూమినియం వాడలేదు. ఇంజిన్ల శక్తి 2 లక్షల 40 వేల హార్స్‌పవర్. నాలుగు ప్రొపెల్లర్లలో రెండింటికి నాలుగు రెక్కలు, మిగతా రెండింటికి ఐదు రెక్కలు. ఇదేదో పొరపాటు కాదు. అన్నీ ఒకేలా ఉంటే అంత స్పీడ్‌లో ఓడ మొత్తం వణుకుతుంది. ఈ ప్రొపెల్లర్ల డిజైన్ చేసింది ఎలైన్ కాప్లాన్ అనే మహిళా ఇంజినీర్. 1950లలో షిప్‌యార్డ్ డ్రాయింగ్ రూముల్లో మహిళలు ఎంతమంది ఉండేవారో ఊహించుకుంటే, ఆమె పేరు ఇంకా చాలామందికి తెలియకపోవడం ఆశ్చర్యమేమీ కాదు.

1952 జూలై 3న మొదటి ప్రయాణం. న్యూయార్క్ నుంచి ఇంగ్లండ్ వైపు 3 రోజుల 10 గంటల 40 నిమిషాలు. సగటున 35.59 నాట్లు. క్వీన్ మేరీ పేరిట 14 ఏళ్లుగా ఉన్న రికార్డు 10 గంటల తేడాతో బద్దలైంది. తిరుగు ప్రయాణంలో కూడా రికార్డే. తర్వాత చిన్న కాటమరాన్ ఫెర్రీలు ఇంకా వేగంగా దాటాయి గానీ, షెడ్యూల్ ప్రకారం ప్రయాణికుల్ని మోసే లైనర్ ఏదీ ఈ రోజుకీ ఆ టైమ్ దగ్గరకు రాలేదు. ఇప్పుడు నడుస్తున్న ఒకే ఒక్క లైనర్ క్వీన్ మేరీ 2 అదే అట్లాంటిక్ దాటడానికి మామూలుగా 7 రాత్రులు తీసుకుంటుంది. తొందరేముంది, ఎక్కేవాళ్లు తొందర లేకే ఎక్కుతారు.

చెక్క ముక్క లేని ఓడ

గిబ్స్‌కు నిప్పంటే భయం. భయం అనడం చిన్న మాటే. 1934లో మారో కాజిల్ అనే ప్రయాణికుల ఓడ అమెరికా తీరం దగ్గరే తగలబడింది. 1942లో ప్రపంచంలోనే అందమైన లైనర్ అని పేరున్న ఫ్రెంచ్ ఓడ నార్మాండీ న్యూయార్క్ రేవులో కట్టేసి ఉండగానే అగ్గికి ఆహుతై పక్కకు ఒరిగిపోయింది. ఇవన్నీ చూసిన గిబ్స్ తన ఓడలో చెక్క వద్దన్నాడు. కుర్చీలు అల్యూమినియం. కర్టెన్లు నిప్పంటుకోని గుడ్డ. గోడల మీద బొమ్మలు గాజు, లోహం. మినహాయింపు రెండింటికే ఇచ్చాడని చెబుతారు. వంటగదిలో మాంసం కొట్టే మొద్దు, హాల్లో పియానోలు. పియానో కూడా అల్యూమినియంతో చేయమని అడిగితే, తయారీదారులు నిప్పుకు తట్టుకునే ప్రత్యేకమైన చెక్కతో చేసి ఒప్పించారన్నది ప్రచారంలో ఉన్న కథ.

లోపలి అలంకరణ చేసింది డొరోతీ మార్క్‌వాల్డ్, ఆన్ అర్కార్ట్ అనే ఇద్దరు డిజైనర్లు. నీలం, ఎరుపు, ఎండ రంగులు, సాఫీ గీతలు. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఫ్రెంచ్, ఇటాలియన్ లైనర్లలో ఉన్న దర్జా ఇందులో లేదు. కొంతమందికి ఇది ఆసుపత్రిలా, ఆఫీసులా అనిపించింది. భోజనం అంటే ఫ్రాన్స్ ఓడ, కళ అంటే ఇటలీ ఓడ, టైమ్ అంటే అమెరికా ఓడ. ఒక్కో దేశం తన ఓడలో తనను తాను చూపించుకుంది. ఎయిర్ ఇండియా మహారాజాతో మన దేశం చేసుకున్న ప్రచారం లాంటిదే, కాకపోతే ఇది వెయ్యి అడుగుల సైజులో.

అయినా జనం ఎక్కారు. మార్లిన్ మన్రో, సాల్వడార్ దాలీ ఎక్కారు. 1968లో ఆక్స్‌ఫర్డ్‌కు చదువుకు వెళ్తున్న బిల్ క్లింటన్ అనే కుర్రాడు ఎక్కాడు. 1963లో మోనాలిసా కూడా ఎక్కింది. అవును, ఆ పెయింటింగే! అమెరికాలో ప్రదర్శన ముగిశాక పారిస్‌కు తిరిగి వెళ్లింది ఈ ఓడలోనే. కానీ సీట్లు నింపింది సెలబ్రిటీలు కాదు. వలస వచ్చిన కుటుంబాలు, జర్మనీలో డ్యూటీకి వెళ్లే సైనికుల భార్యాపిల్లలు, విద్యార్థులు. ఫస్ట్, క్యాబిన్, టూరిస్ట్ అని మూడు క్లాసులు. రిటైర్మెంట్ తర్వాత దీన్ని బతికించడానికి చెక్కులు పంపినవాళ్లలో ఈ మామూలు ప్రయాణికుల పిల్లలు ఎంతోమంది.

చంపింది విమానం

1958 అక్టోబర్‌లో పాన్ ఆమ్ సంస్థ బోయింగ్ 707తో న్యూయార్క్-పారిస్ సర్వీసు మొదలుపెట్టింది. నాలుగు రోజుల ప్రయాణం కొన్ని గంటలకు పడిపోయింది. అట్లాంటిక్‌ను ఓడలో దాటేవాళ్ల కంటే విమానంలో దాటేవాళ్లు ఎక్కువైంది కూడా ఆ ప్రాంతంలోనే. ప్రపంచంలో అత్యంత వేగమైన ఓడకు వేగమే పనికిరాకుండా పోయింది. 900 మందికి పైగా సిబ్బంది, సమ్మెలు, తరిగిపోతున్న ప్రయాణికులు. ప్రభుత్వ సబ్సిడీ మీద నడిచింది. 1967లో గిబ్స్ చనిపోయాడు. రెండేళ్లకు, 1969 నవంబర్‌లో, సర్వీసింగ్ కోసం రేవులోకి వచ్చిన ఓడను అక్కడే ఆపేశారు.

విచిత్రం ఏంటంటే, అదే టైమ్‌లో కొందరు ఇంకా లైనర్లు కడుతూనే ఉన్నారు. ఫ్రాన్స్ దేశం 'ఫ్రాన్స్' అనే 316 మీటర్ల ఓడను 1962లో, బ్రిటన్ క్యూఈ2ను 1969లో సర్వీసులోకి దింపాయి. లెక్క తెలియక కాదు. పరువు.

ఆ 'ఫ్రాన్స్' చివరికి చేరింది ఎక్కడికో తెలుసా? గుజరాత్‌లోని అలంగ్‌కు. పేరు మారి నార్వే అయి, 2003లో మయామీలో బాయిలర్ పేలి 8 మంది సిబ్బంది చనిపోయాక, బ్లూ లేడీ పేరుతో 2006లో మన తీరానికి వచ్చింది. లోపల భారీగా ఆస్బెస్టాస్ ఉందని పర్యావరణ కార్యకర్తలు కోర్టుకెక్కారు. 2007 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు అనుమతిచ్చింది. ఫ్రాన్స్ గర్వంగా చెప్పుకున్న ఓడను చివరికి ముక్కలు చేసింది మన కూలీలు. గ్యాస్ కట్టర్లతో, ఇసుక ఒడ్డున. ముక్కు భాగం ఒక్కటి మాత్రం వెనక్కి వెళ్లి 2009లో పారిస్ వేలంలో అమ్ముడైంది.

కాపాడిన గుణమే కొంప ముంచింది

యునైటెడ్ స్టేట్స్ విషయానికొస్తే, 1969 తర్వాత చేతులు మారడమే సరిపోయింది. 1984లో లోపలి సామాను మొత్తం వేలం వేశారు. 1992లో టర్కీకి లాక్కెళ్లారు, అక్కడి నుంచి ఉక్రెయిన్‌కు. ఎందుకు? ఆస్బెస్టాస్ తీయడానికి. నిప్పు రాకూడదని గిబ్స్ ఓడ నిండా నింపింది అదే. అప్పట్లో అది అద్భుతమైన పదార్థం, తర్వాత క్యాన్సర్ కారకం అని తేలింది. దాన్ని తీయాలంటే గోడలు, సీలింగ్‌లు అన్నీ పీకాలి. పీకేశారు. 1996లో ఫిలడెల్ఫియాకు తిరిగొచ్చిన ఓడ లోపల బోలుగా ఉంది. డైనింగ్ హాల్ లేదు, క్యాబిన్లు లేవు. ఉక్కు, అల్యూమినియం చట్రం మాత్రమే.

'మ్యూజియం చేయొచ్చు కదా' అనేవాళ్లు పట్టించుకోని పాయింట్ ఇదే. క్వీన్ మేరీలోకి వెళ్తే 1936 నాటి చెక్క ప్యానెళ్లు కనిపిస్తాయి. ఇక్కడ చూపించడానికి లోపల ఏమీ మిగల్లేదు. హోటల్ చేయాలంటే ఓడ లోపల కొత్త భవనం కట్టినంత పని. 2016లో ఒక క్రూజ్ సంస్థ మళ్లీ సముద్రంలో తిప్పుతామని ముందుకొచ్చింది. ఖర్చు 70 కోట్ల డాలర్ల వరకు అవుతుందని అంచనా వేసి, ఆరు నెలలకే వెనక్కి తగ్గింది. ఆ తర్వాత హోటల్ ప్లాన్ కూడా కాగితం దాటలేదు.

2011లో ఓడను కొని తుక్కు కాకుండా ఆపింది ఎస్‌ఎస్ యునైటెడ్ స్టేట్స్ కన్సర్వెన్సీ అనే స్వచ్ఛంద సంస్థ. దాన్ని నడిపించింది గిబ్స్ మనవరాలు సుసాన్ గిబ్స్. విరాళాలతో నెట్టుకొచ్చారు. 2021లో రేవు యజమానులు రోజు అద్దెను 850 డాలర్ల నుంచి 1,700 డాలర్లకు పెంచడంతో గొడవ కోర్టుకు వెళ్లింది. 2024 జూన్‌లో తీర్పు వచ్చింది. పెంచిన అద్దె కట్టక్కర్లేదు, కానీ ఓడ సెప్టెంబర్ 12 లోగా ఖాళీ చేయాలి. గెలిచారో ఓడారో తెలియని తీర్పు. 990 అడుగుల ఓడను మూడు నెలల్లో ఎక్కడ పార్క్ చేస్తారు? అమెరికా తూర్పు తీరంలో ఖాళీ రేవు ఎవరూ ఇవ్వలేదు.

మిగిలిన దారులు రెండే. తుక్కు, లేదా రీఫ్.

మునిగితే ఎవరికి లాభం?

ఫ్లోరిడాలోని ఒకలూసా కౌంటీ 10 లక్షల డాలర్లకు ఓడను కొంది. లాగడం, శుభ్రం చేయడం, ముంచడం అన్నీ కలిపి కోటి డాలర్ల పైమాటే. డెస్టిన్-ఫోర్ట్ వాల్టన్ బీచ్ అక్కడి టూరిస్ట్ ఏరియా. దాదాపు 180 అడుగుల లోతులో ఓడ నిటారుగా కూర్చుంటుంది, పైభాగం నీటి మట్టానికి 55-60 అడుగుల దిగువన ఉంటుంది. అంటే మామూలు స్కూబా డైవర్ కూడా పైడెక్‌ను చూసి రావచ్చు, ఇంజిన్ వైపు దిగాలంటే అనుభవం కావాలి. అక్కడ సముద్రం అడుగు చాలావరకు ఇసుక మైదానం. గట్టిగా ఏదైనా దొరికితే నాచు, పగడాలు పట్టుకుంటాయి, వాటి కోసం చేపలు వస్తాయి, చేపల కోసం పడవలు వస్తాయి. పక్కనే పెన్సకోలా దగ్గర 2006లో ఒరిస్కానీ అనే యుద్ధ విమాన వాహక నౌకను ఇలాగే ముంచారు, డైవర్లు ఇప్పటికీ వస్తున్నారు. యునైటెడ్ స్టేట్స్ దిగితే ప్రపంచంలో అతిపెద్ద కృత్రిమ రీఫ్ రికార్డు ఒరిస్కానీ నుంచి దీనికి వస్తుంది.

వ్యతిరేకించేవాళ్ల వాదన కూడా తీసిపారేయలేం. ఇది అమెరికా కట్టిన అతిపెద్ద ప్యాసింజర్ లైనర్, రెండోది లేదు. ఉప్పునీటిలో ఉక్కు, అల్యూమినియం పక్కపక్కన ఉంటే అల్యూమినియం త్వరగా తినేస్తుంది. ఈ సమస్య గిబ్స్‌కీ తెలుసు, రెండు లోహాలు నేరుగా తాకకుండా చూసుకోవడానికే నానా తంటాలు పడ్డాడు. కాబట్టి అడుగున ఆ పైఅంతస్తుల ఆకారం ఎన్నాళ్లు నిలుస్తుందన్నది న్యాయమైన ప్రశ్నే.

కానీ ఉంచుకోవడం ఎంత ఖరీదో క్వీన్ మేరీని అడగాలి. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ నగరం 1967లో దాన్ని 34 లక్షల 50 వేల డాలర్లకు కొంది. 2021 నాటి నివేదిక ప్రకారం అది ఒరిగిపోకుండా ఉండాలంటే అత్యవసర రిపేర్లకే 2 కోట్ల 30 లక్షల డాలర్లు కావాలి. నగరమే డబ్బు పెట్టి 2023లో మళ్లీ తెరిచింది. క్యూఈ2 దుబాయ్ చేరాక హోటల్‌గా తెరుచుకోవడానికి పదేళ్లు పట్టింది. ఓడ ఇల్లు లాంటిది కాదు. తాళం వేసి వదిలేస్తే తుప్పు తాళం అడగదు.

మనకూ ఈ అనుభవం ఉంది. 1971 యుద్ధంలో పాల్గొన్న ఐఎన్‌ఎస్ విక్రాంత్‌ను మ్యూజియంగా ఉంచలేక 2014లో ముంబైలో ముక్కలు చేశారు. ఆ లోహంతో బైకులు వచ్చాయి. విరాట్‌ను విశాఖలో హోటల్ చేద్దామన్న ప్రతిపాదన వచ్చినా చివరికి 2020లో అలంగే దిక్కయింది. నిలిచింది విశాఖ ఆర్కే బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్. కారణం సింపుల్. చిన్నది, నీటిలో కాకుండా ఇసుక మీద ఉంది, లోపలి పరికరాలు అలాగే ఉన్నాయి, టికెట్ కొని చూసేవాళ్లు రోజూ వస్తారు. యునైటెడ్ స్టేట్స్‌కు ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు.

ఇప్పుడు ఏం జరుగుతోంది?

మొబైల్ రేవులో పనివాళ్లు ఓడ నుంచి మిగిలిన ఇంధనం, విష రసాయనాలున్న వైర్లు, ఊడిపోయే పెయింట్ తీసేసే పనిలో పడ్డారు. నీరు సమానంగా నిండి ఓడ పక్కకు ఒరగకుండా కూర్చోవాలంటే పక్కలకు, లోపలి గోడలకు లెక్క ప్రకారం రంధ్రాలు కోయాలి. మునగకూడదని గిబ్స్ ఓడను ఎన్నో గదులుగా విడగొట్టాడు. ఆ గోడల్ని ఇప్పుడు ఒక్కొక్కటిగా చిల్లులు పొడవాల్సి వస్తోంది. ఒడ్డున కట్టబోయే మ్యూజియం కోసం రాడార్ స్తంభం, పొగగొట్టం లాంటి భాగాలను పక్కకు తీస్తున్నారు. ఎరుపు, తెలుపు, నీలం రంగుల ఆ పొగగొట్టాలు ఫిలడెల్ఫియాలో రోడ్డు అవతల ఐకియా స్టోర్‌కు వచ్చేవాళ్లకు కార్ పార్కింగ్ నుంచే కనిపించేవి. ఇప్పుడు అక్కడ నది ఒక్కటే కనిపిస్తోంది.